లల్లికి పెద్ద పేరు

కుప్పం
20-11-1994

అక్కా,

పుంగనూరు చేరినాక ఒక కార్డు ముక్కయినా రాయమని చెప్పి పంపిస్తిని. రాలేదు. పలమనేరులో బస్సు మారేటప్పుడు పాపకు ఎండ తగిలిందేమో, దారిలో పాలకు ఏడ్చిందేమో అని ఒకటే యోచన. కోపంతో అడగలేదు. కోపం చేసేదానికి నాకు నోరేది? ఈ నోటితోనే గదా ఇచ్చింది.

ఎవరూ ఇమ్మని అనలేదు. నువ్వు అసలే అనలేదు. చూసిపోదామని వచ్చినదానివి, పాపను కాళ్ళ మీద పండబెట్టుకోని నీళ్ళు పోస్తా ఉంటివి. నీ మొహం చూసి, 'నువ్వే పెంచుకో అక్కా' అనేస్తిని. పద్నాలుగేండ్లుగా నువ్వు మొక్కని కొండ లేదు. నీ మరిది కూడా కాదనలేదు. ఇచ్చినందుకు నాకేం బాధ లేదు, నువ్వు అట్లా అనుకోవద్దు. పాలు మాత్రం ఇంకా ఆగలేదు. ఎదకు మల్లెపూలు కట్టుకుంటే ఇంకిపోతాయని పక్కింటి సావిత్రమ్మ అనింది. కట్టుకున్నాను. పనినుంచి వచ్చి ఇల్లంతా పూలవాసనగా ఉందే, ఏం పండగ అని అడిగినాడు ఆయన. అడిగినాక ఆయనే తల వంచుకున్నాడు.

దీపికకు చెల్లి అనేదానికి నోరు తిరగదు, నువ్వూ వింటివి గదా. లల్లి, లల్లి అంటాది. దాన్ని చూసి మేమూ ఈ మూడు నెలలూ లల్లి అనే పిలిస్తిమి. పాపకు ఇంకేం తెలీదు. నా మొహం ఈపాటికే మరిచిపోయుంటాది. ఆ పిలుపు ఒకటి తెలుసు.

పేరు పెట్టే హక్కు నీది, బావది. నేను అడిగేది ఒకటే. పెద్ద పేరు ఏదైనా పెట్టుకోండి, కురచ చేస్తే లల్లి అని రావాల. లలిత అని పెట్టొచ్చు. మరీ చిన్నదనుకుంటే లలితాంబ, లలితకుమారి, లలితాదేవి. దేవత పేరే గాబట్టి మీ అత్త కూడా ఒప్పుకుంటాది. లావణ్య కూడా అనుకున్నాను గానీ, బడిలో లావు లావు అని ఏడిపిస్తారు, వద్దు. లీలావతి అంటే లీల అవుతాది గానీ లల్లి కాదు.

ఇదొక్కటి చేసి పెట్టు. ఇంక నేను దేనికీ అడ్డం రాను.

నీ చెల్లెలు
హరిత


పుంగనూరు
11-12-1994

హరితా,

పాప బాగుండాది. ముందు ఆ మాటే రాస్తాండా. జాబు రాయలేదని నువ్వు కిందామీదా పడతాంటావని తెలుసు. కాగితం ముందర కూసుంటే ఏం రాయాలో తోచక లేస్తాంటిని. దొంగిలించినోళ్ళు సొమ్ముగలోళ్ళకు జాబు రాసినట్టు ఉండాది నాకు.

ఆవుపాలల్లో సగం నీళ్ళు కలిపి ఇస్తాండాము. మొదట కక్కింది, ఇప్పుడు పట్టినాయి. మీ బావ అంగట్లో నుంచి చిన్న చిన్న స్టీలు గిన్నెలు తెచ్చి దాని ముందర టింగుటింగుమనిపిస్తాడు. బేరాలు వదిలేసి మజ్జానం ఇంటికొచ్చేస్తాడు. ఆ మనిషి నవ్వంగా నేను ఇన్నేండ్లలో ఎన్నిసార్లు సూసింటానో.

పేరు సంగతి. మా అత్త బయ్యమ్మ గురించి నీకు తెలుసు గదా. ఈ ఇంట్లో బిడ్డ తిరిగితే బోయకొండ గంగమ్మ పేరు పెడతానని ఎప్పుడో మొక్కుకోని ఉండాదంట. గంగాభవాని అనాల్సిందేనని కూసునింది. నేను నీ మాట సెప్పినా. లలితాంబ అని పెట్టినాము. ఇంట్లో లల్లి అనే పిలుస్తాండాము. నువ్వు ఇంక దాని గురించి మనసు కష్టపెట్టుకోవద్దు.

ఒక మాట అడుగుతా, తప్పుగా తీసుకోవద్దు. కొన్నాళ్ళు ఈ తట్టు రావద్దండి. బిడ్డ ఇప్పుడిప్పుడే నా సంకకు అలవాటు పడతాండాది.

పాలు ఆగినాయా? బాగా తిను. దీపికకు ముద్దులు.

మీ అక్క
మునీశ్వరి


కుప్పం
5-3-1995

అక్కా,

లలితాంబ. ఈ పేరును నేను బియ్యం ఏరేటప్పుడు కూడా అనుకుంటా ఉంటాను. మీ అత్తతో కొట్లాడి నా మాట నిలబెట్టినావు. నీ రుణం తీర్చలేను. దీపికకు చెప్తే అదేదో పెద్ద పేరు మాకొద్దు, లల్లి చాలు అనింది.

మమ్మల్ని రావద్దన్నందుకు నాకేం లేదు. నేనయినా అదే అనుండేదాన్ని.

దీపిక గురించి నీతో గాక ఎవరితో చెప్పను? ఇంటికి సంచి పట్టుకోని ఎవరొచ్చినా బియ్యం డ్రమ్ము వెనకాల దాక్కుంటాది. మొన్న ఆయన పనిచేసే గ్రానైటు ఫ్యాక్టరీ నుంచి కొండప్ప అని ఒకాయన వచ్చినాడు, పాపం చక్కిలాల పొట్లం తెచ్చినాడు. ఇది అన్నం తినకుండా ఆయన పోయిందాకా ఆ మూలనే. తరువాత నా కొంగు పట్టుకోని, 'నేను అల్లరి చేస్తే నన్ను గూడా పెద్దమ్మకు ఇస్తావా' అనింది. అల్లరి చేసినందుకు చెల్లిని ఇచ్చేసినామని అనుకుంటా ఉందంట అక్కా, ఇన్ని నెలలుగా. ఆ మాట విన్నప్పటినుంచి నేను దాన్ని ఒక్క మాట కసరలేదు. అది ఏం పగలగొట్టినా గమ్మున ఊడ్చేస్తా ఉన్నాను. అది ఇంకా భయపడతా ఉంది, అమ్మ ఎందుకు తిట్టడం లేదని.

ఈడ పట్టు చవగ్గా దొరికితే లల్లికి ఒక గౌను కుట్టినాను. ఎదమీద ఎర్రదారంతో లల్లి అని అల్లినాను. నా కుట్టు నీకు తెలుసు గదా, ఒక ల పెద్దది, ఒక ల చిన్నది. తొడిగి ఫోటో తీసి పంపిస్తే దీపికకు చూపిస్తాను.

నీ చెల్లెలు
హరిత


పుంగనూరు
22-9-1996

హరితా,

గౌను సరిపోయింది అని అప్పుడే రాసినా గదా. ఫోటోకు తీసకపోయినాము, స్టూడియోలో దీపాలు సూసి జడుసుకోని ఒకటే ఏడుపు, తియ్యలేకపోయినారు. ఇప్పుడు గౌను కురసైపోయింది.

లల్లి నడస్తాండాది. నడిసేది ఏముంది, ఉరకడమే. లల్లికి చింతకాయలంటే పిచ్చి. వాకిట్లో చింతపండు ఆరబోసింటే పోయి చీకతాది. లల్లి 'తాత' అంటాది, 'అవ్వ' అంటాది, మా అత్తనేమో 'బయ్యా' అని పేరు పెట్టి పిలుస్తాది, ఆమె మురిసిపోతాది. రెండేండ్లు నిండి అన్ని మాటలూ వస్తాండాయి.

ఈ పొద్దు వానలు పడినాయి గాని సెనక్కాయకు ఏం లాభంలేదని మీ బావ అన్న ఈశ్వరప్ప గంగవరం నుంచి వచ్చి ఏడస్తాడు. అత్త బావి దగ్గర కాలు జారి పడింది, నడుం పట్టుకునేసింది. దీపిక చెవులు కుట్టేదానికి రాలేకపోతిమి, అందుకే. వేరే ఏం లేదు. నువ్వు వేరేగా అనుకోవద్దు.

మీ అక్క


కుప్పం
16-2-1997

అక్కా,

చెవులు కుట్టేదానికి మీ అత్త నడుము. దసరాకు పాపకు జ్వరం. మదనపల్లెలో అమ్మ కంటికి ఆపరేషన్ అయితే నువ్వు ఒక్కదానివే వచ్చి చూసి పోతివి, పాపను ఇంట్లో వదిలిపెట్టి. నేను ముందురోజే పోయి అమ్మ దగ్గర కాచుకోని ఉంటిని.

నేను లాక్కుంటానని భయమా నీకు? ఇచ్చినదాన్ని నేను. ఇచ్చినదాన్ని వెనక్కి అడిగే గుణం నాకు ఉందని నువ్వెట్లా అనుకుంటివి? నేను మీ ఇంటికి రాను, పాపను తాకను, దూరంగా నిలబడి చూస్తాను. అంతకంటే ఏం చెప్పమంటావు.

హరిత


కుప్పం
3-6-1998

అక్కా,

తమ్ముడు లోకేష్ పెండ్లిలో అన్నం తినకుండా వచ్చేసినానని అమ్మ బాధపడిందంట. నాకు కడుపులో నొప్పి అని అమ్మతో చెప్పినాను. నీకు నిజం తెలుసు. అయినా రాస్తాను, లేకుంటే ఈ మాట నా గొంతులోనే ఉండిపోతాది.

తాళి కట్టినాక అందరూ అక్షింతలేసి లేస్తా ఉండిరి. పాప పూలబుట్ట దగ్గర ఒక్కతే నిలబడి ఉండె, మొహం అటుపక్క. వెనక జడ చూసి కనుక్కుంటిని. దీపిక జడ మాదిరే, కింద సుడి తిరిగి. నేను తాకనని నీకు రాసింటిని గాబట్టి తాకలేదు. ఊరికే 'లల్లీ' అన్నాను.

తిరగలేదు. మేళం సద్దులో వినపడలేదేమో అనుకుంటిని. మేళం ఆగినాక ఇంకోసారి అన్నాను, గట్టిగానే. పక్కనున్న సిద్దప్ప మామ తిరిగి చూసినాడు. అది తిరగలేదు. పూలు ఏరుకుంటా ఉంది. అప్పుడు ఆ చివరినుంచి బావ 'భవానీ' అన్నాడు. పూలన్నీ కింద పారేసి పరిగెత్తింది.

నువ్వు అంతా చూస్తానే ఉంటివి.

నీ జాబులు నేను దీపికకు చదివి వినిపిస్తా ఉంటిని అక్కా. లల్లి నడిచింది, లల్లి చింతకాయ తినింది అని. అది వాళ్ళ క్లాసులో అందరికీ చెప్పుకుంది. పెండ్లిలో నా పక్కనే ఉండి అదీ వినింది. బస్సులో, 'అమ్మా, లల్లి యాడుంది మరి' అని అడిగింది. నేనేం చెప్పేది?

వేరే పేరు పెట్టినామని ఆ పొద్దే రాసుంటే ఏడ్చి ఊరుకుందును గదా. యాల ఇట్లా చేస్తివి?

హరిత


పుంగనూరు
14-6-1998

హరితా,

అత్త మీదికి నెట్టేస్తే నాకు సులువు. ఆమె మొండిపట్టు పట్టింది, నేనేం సేసేది అని రాయొచ్చు. నిజం అది కాదు. అత్త అడిగింది పెద్ద పేరు ఒకటే. ఇంట్లో ఏమని పిలుస్తే ఆమెకేం. లల్లి అని పిలవనిది నేను.

బిడ్డను తెచ్చిన కొత్తల్లో లల్లి అనే పిలిస్తిని. నమ్ము. ఒకరోజు కక్కటిల్లి ఏడస్తాన్నింది. లల్లీ అంటి. టక్కున ఆపింది. ఆపి వాకిలి తట్టు సూసింది హరితా. సంకనేసుకోని ఉండేదాన్ని నేను, నా తట్టు కాదు, వాకిలి తట్టు. ఆ పిలుపు యాడనుంచి వస్తాదో ఆ మనిషి కోసం. ఆ పొద్దునుంచి ఆ మాట నా నోట్లోకి రానీలేదు. మీ బావ అంటే గూడా అననీలేదు. భవాని అని కొత్తగా నేర్పిస్తిని. ఆ పేరుకు నా తట్టు తిరిగేదాకా నేర్పిస్తానే ఉంటిని.

నీకు మాత్రం లల్లి అని రాస్తిని. ఒకసారి రాసినాక ఆపేదెట్ల? రాస్తాంటే ఈడ భవాని, కాగితం మీద లల్లి అని ఇద్దరు పిల్లోళ్ళు ఉన్నట్టు ఉండేది. ఒకతి నాది, ఒకతి నీది. అట్లనుకోని నన్ను నేను సమాధాన పరుసుకుంటాంటిని. నువ్వు కుట్టిన గౌనుకు ఎదమీద గుడ్డ అడ్డమేసి కుట్టి తొడిగినా. ఫోటో అందుకే పంపించలేదు. స్టూడియోలో ఏడిసిందని రాసింది గూడా అబద్ధమే.

నువ్వు లాక్కుంటావని నేను భయపడలేదు. నువ్వు ఏం సెయ్యకుండానే అది నీ తట్టు తిరుగుతాదని భయపడినా. పెండ్లిలో నువ్వు పిలిస్తే అది తిరగలేదే, అప్పుడు నాకు ఏమనిపించిందో సెప్తే నువ్వు నా మొహం సూడవు. సంతోషమనిపించింది. ఒక్క గడియే. తరువాత నీ మొహం సూసినా. అప్పటినుంచి నాకు ముద్ద దిగలేదు.

ఇప్పుడయినా మారుస్తా. నువ్వు సెప్పు, రేపటినుంచే లల్లి అని పిలుస్తా. నాలుగేండ్ల పిల్ల, నేర్సుకుంటాది.

మునీశ్వరి


కుప్పం
8-11-1998

అక్కా,

ఇన్ని నెలలూ రాయలేదు. నీ జాబు మళ్ళీ మళ్ళీ చదివినాను. మొదట కోపంతో చదివినాను. తరువాత వాకిలి తట్టు చూసిందనే చోటికి వచ్చి ఆగిపోతా ఉంటిని.

మార్చవద్దు. అది ఏ పేరుకు తిరుగుతాదో అదే దాని పేరు. నాలుగేండ్ల పిల్లను ఇంకోసారి మార్చే పాపం మనకొద్దు.

నేనూ ఒకటి ఒప్పుకోవాల. పేరు ఒక్కటి చాలు, ఇంక దేనికీ అడ్డం రానని రాస్తిని గదా. అది చిన్న కోరిక కాదు. ఇచ్చి కూడా ఇవ్వకుండా ఉండేదానికి చూస్తిని. మీ ఇంట్లో నువ్వు దాన్ని అన్నానికి పిలిచినా, స్నానానికి పిలిచినా నా బిడ్డ అని గుర్తు రావాలని. నీ నోటితో నా మాట పలికించాలని. ఇచ్చినందుకు బాధ లేదని రాసిందాన్ని, అదీ అబద్ధమే. నువ్వు ఒక్కదానివే అబద్ధం రాసినట్టు తలవంచుకోవద్దు.

ఇంక నేను దాని ఎదురుగా రాకుండా ఉంటేనే మంచిది. దీపికను పంపిస్తా ఉంటాను, సెలవులకు.

నీ చెల్లెలు
హరిత


పుంగనూరు
20-6-1999

హరితా,

నిన్న బడిలో చేర్పించినాము. హెడ్‌మాస్టరు పేరు సెప్పమన్నాడు. మీ బావ 'గంగా...' అని మొదలుపెట్టినాడు. నేను అడ్డం పడి, 'లలితాభవాని, రాసుకోండి సార్' అన్నా. మీ బావ నన్ను సూసినాడు.

నువ్వు వద్దన్నావు, తెలుసు. నీకోసం కాదు ఇది. బిడ్డకు పెట్టిన మొదటి పేరును ఎదమీద గుడ్డేసి కుట్టేసినట్టు కుట్టేసినా గదా, అది నా మీద బరువుగా ఉండాది. ఇంట్లో భవానే. దాని మాటకొస్తే భవానే. బడి పుస్తకంలో మాత్రం రెండూ ఉండాయి, ఎప్పుడన్నా దానికి కావాలంటే తీసుకుంటాది.

అత్త అలుగుతాదనుకుంటి. ముందర లలిత ఉంటే గంగమ్మకు తక్కువైతాదా అత్తా అంటే సానాసేపు యోచన సేసి, 'దేవతలంతా అక్కాచెల్లెండ్లే గదా, వాళ్ళే సర్దుకుంటారు' అనింది. మంచం మీద పడి ఉండేదానికి బుద్ధి నా కంటే మేలు.

దీపిక సెలవులకు వచ్చినప్పుడు దాన్ని లల్లి అనే పిలిసింది. నేను గుండె పట్టుకోని కూసుంటి. భవాని, 'నేను భవాని గదా' అనింది. దీపిక, 'నేను మాత్రం లల్లి అంటా, నువ్వు నా చెల్లివి గాబట్టి' అనింది. అది సరే అని ఆడుకునేదానికి పోయింది. అంతే అయిపోయింది. పెద్దమ్మ కూతురయినా చెల్లెలే గదా, లోకంలో ఎవురికీ అనుమానం రాని మాట. దానికి యాల నేను అన్నేండ్లు అంత భయపడితినో.

నువ్వు రా. మొండికి పోవద్దు.

మీ అక్క


పుంగనూరు
22-4-2007

హరితా,

ఫోనులో సెప్పేది కాదు ఇది. అంగట్లో ఫోను దగ్గర మీ బావ, ఇంట్లో ఫోను దగ్గర అది.

భవాని పెద్దమనిషి అయినప్పుడు నువ్వు రాలేదు. దీపిక చేత చీర పంపిస్తివి. దాని ఎదురుగా రాకూడదని ఎనిమిదేండ్లనుంచి పట్టుకోని ఉండావు, నాకోసమే అని తెలుసు. పీట మీద కూసోబెట్టి అక్షింతలేస్తాంటే పెద్దతిప్పసముద్రం నుంచి వచ్చిన వెంకటలక్ష్మమ్మత్త, 'కన్నతల్లి రాలేదేమి, ఎంత రాయి గుండె' అనేసింది. గుసగుసగా అన్నానని అనుకునింది ఆమె. పీట మీదికి వినపడింది. బిడ్డ ఏం కదల్లేదు. పసుపు పూసిన మొహంతో నన్ను సూసింది.

అందరూ పోయినాక నేనే సెప్పినా. మొత్తం. పేరు సంగతి గూడా. అది ఏడవలేదు, అరవలేదు. మీ బావ అంగడి మూసి ఇంట్లో కూసుంటే, 'నాయనా, నువ్వు అంగడికి పో, నాకేం గాలేదు' అని పంపించింది. కొన్ని దినాలు నాతో అవసరానికే మాట్లాడింది. నిన్న వచ్చి, కుప్పం పోతాను, ఒక్కదాన్నే పోతాను అనింది.

వద్దనే దానికి నాకు హక్కు లేదు. వచ్చే ఆదివారం బస్సెక్కిస్తా. దీపికను స్టాండుకు పంపించు. అది నిన్ను ఏమడిగినా సెప్పు. నన్ను కాపాడేదానికి సూడొద్దు.

మీ అక్క


కుప్పం
13-5-2007

అక్కా,

ఈపాటికి పుంగనూరు చేరి ఉంటాది. అన్నీ రాస్తాను.

బస్సు దిగి ఇంటికి వచ్చేటప్పటికి నేను వాకిట్లో నిలబడలేక వంటింట్లోకి పోయినాను. అమ్మా అని పిలుస్తాదేమో అని భయం, పిలవదేమో అని భయం. అది చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వచ్చి, 'చిన్నమ్మా, ఏం చేస్తాండావు' అనింది. ఫోనులో ఎప్పుడూ అనే మాదిరే. నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రాణం లేచొచ్చినందుకు సిగ్గేసింది.

ఉన్నన్ని దినాలూ నేను భవానీ అనే పిలిచినాను. దీపిక లల్లి అంటాది, నీ మరిది గూడా లల్లి అనేసి నాలిక కరుచుకున్నాడు. ఒక పొద్దు అది అడిగింది, 'ఆ పేరు నువ్వే గదా అడిగినావంట, నువ్వొక్కదానివే యాల అనవు' అని. అనే అలవాటు తప్పిపోయింది అన్నాను. అయితే అలవాటు చేసుకో, నేను తిరుగుతాలే అనింది. ఇంకా అనలేదు నేను. అది పోయినాక ఖాళీ ఇంట్లో ఒకసారి అనుకున్నాను.

వచ్చేముందు తలకు నూనె పెట్టి జడ వెయ్యమని నా ముందర కూర్చునింది. మొహం కనపడకుండా కూర్చోవాలనే అట్లా కూర్చునిందేమో. 'నన్ను యాల ఇచ్చినావు చిన్నమ్మా' అని అడిగింది. నేను నిజమే చెప్పినాను. మీ అమ్మ మొహం చూసి నా నోరు అనేసింది, సాయంత్రానికి నువ్వు మళ్ళీ కావాలనిపించింది, అడిగేదానికి మొహం చెల్లలేదు అని. నీకు ఇన్నేండ్లలో నేను చెప్పని మాట అది.

తరువాత, 'నువ్వు అడిగుంటే మా అమ్మ ఇచ్చుండునా' అనింది.

ఇచ్చుండును అన్నాను. మీ అమ్మ మనసు అట్లాంటిది, నేను అడిగుంటే ఏడ్చుకుంటా అయినా తెచ్చి ఇచ్చుండును, తప్పంతా అడగని నాదే అని చెప్పినాను. నీ మీద దానికి ఏ అనుమానమూ మిగలకూడదని అట్లా చెప్పినాను. అది ఊఁ అనింది. జడ అయిపోయినాక లేచి పోయింది. అంతకుముందు వరకు నవ్వుతా ఉన్న పిల్ల, బస్సెక్కేదాకా సరిగ్గా మాట్లాడలేదు. నేను ఏం తప్పు చెప్పినానో తెలీలేదు అక్కా. నాకు రాయి.

నీ చెల్లెలు
హరిత


పుంగనూరు
20-5-2007

హరితా,

నీ జాబు నిన్న వచ్చింది. అది రాకముందే నాకు ఇదంతా అయిపోయింది.

ఊర్నుంచి వచ్చిన రోజు మొహం ముడుసుకోనే ఉండె. కాళ్ళు కడుక్కోని వస్తే సంగటి పెట్టినా, నంజుకునేదానికి చెనిగ్గింజల ఊరిబిండి. ముద్ద ముట్టకుండా అడిగింది, 'చిన్నమ్మ మళ్ళా నన్ను ఇమ్మని వచ్చుంటే ఇచ్చుందువా' అని.

నువ్వేం సెప్పి పంపించినావో నాకు అప్పటికి తెలీదు. తెలిసుంటే ఒకవేళ నేనూ నీ మాటే సెప్పుందునేమో. అబద్ధాలు రాసి రాసి అలిసిపోయినా హరితా. ఉండేది సెప్పినా.

'ఇచ్చుండను' అన్నా.

'ఆమె వాకిట్లో కూసోని ఏడ్సినా?' అనింది.

'ఏడ్సినా ఇచ్చుండను. తలుపేసుకోని నిన్నెత్తుకోని లోపల కూసుందును. అది నా సొంత చెల్లెలు, నాకు బిడ్డనిచ్చిన మనిషి, అయినా ఇచ్చుండను' అన్నా.

ఇంత పాపిష్టిదా మా అమ్మ అని అనుకుంటాదని తల ఎత్తలేదు. నీకు గూడా ఇది సదివితే మనసు నొస్తాది. నొచ్చినా సరే, తెలుసుకో. నువ్వు అడగలేదని ఇన్నేండ్లు కుమిలితివి. అడిగినా నీకు దక్కుండేది కాదు. ఆ బరువు నువ్వు మొయ్యొద్దు, అది నాది.

అది సంగటి తట్టను దగ్గరికి లాక్కునింది. తరువాత ముద్ద తుంచి ఊరిబిండిలో అద్దుకునింది. తినేసి తట్ట నా తట్టు జరిపి, 'ఇంకో ముద్ద ఎయ్యిమా' అనింది.

మీ అక్క
మునీశ్వరి